లిథియం ముందు కనిపెట్టింది కంపెనీ కాదు, ఆ మొక్క!

అమెరికాలో నెవాడా రాష్ట్రంలో తవ్వబోయే లిథియం గని గొడవ మీద నా పోయిన వీడియో కింద ఒకాయన ఏం రాశారో చూశారా? "అన్నా, గుప్పెడు పిచ్చిమొక్కల కోసం లిథియం వదులుకుంటారా, కుండీల్లో పెంచుకోవచ్చుగా!" దానికి లైకులే లైకులు.

అయ్యా, ఆ మొక్క టీమ్స్ బక్‌వీట్. పేరులో వీట్ ఉందని గోధుమ అనుకోకండి, ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకి తినే కుట్టు పిండి లేదూ, దానికి దూరపు చుట్టం. నేలకి అతుక్కున్న బూడిదరంగు ఆకులు, వాటి మధ్యలోంచి ఆకు అన్నదే లేని సన్నటి కాడ, కాడ చివర మీగడ రంగు పూలబంతి. 1983లో ఆర్నాల్డ్ టీమ్ అనే వృక్షశాస్త్రవేత్త కంటపడింది. ప్రపంచం మొత్తానికి ఆ గని తవ్వబోయే రయొలైట్ రిడ్జ్ గుట్టల్లోనే ఉంది, అదీ అంతా కలిపితే పదెకరాలు! మా ఊళ్లో ఒక్క రైతుకే అంత పొలం ఉంది.

ఇప్పుడు నా థియరీ వినండి, నవ్వితే నవ్వండి. మన పెద్దవాళ్లు బోరు వేసే ముందు పుట్ట ఎక్కడుంది, ఏ చెట్టు పచ్చగా ఉంది అని చూసేవాళ్లు కదా? ఈ మొక్కా అంతే. మిగతావి పెద్దగా బతకని చోట, బోరాన్, లిథియం దండిగా ఉన్న మట్టిలో కూర్చుంది. అంటే ఆ గని తవ్వుతానంటున్న అయోనీర్ కంపెనీ ఆస్ట్రేలియా నుంచి రాకముందే ఇది అక్కడ బోర్డు పెట్టేసింది, "సరుకు ఇక్కడుంది" అని! పాపం, ఆ బోర్డే దాని కొంప ముంచింది.

2020లో 17 వేలకు పైగా మొక్కలు పోయాయి. చిన్న చిన్న గుంతలు, కొరికేసిన వేర్లు. ఎవరో పారలు పట్టుకొచ్చి తవ్వేశారని గోల, నేనూ నమ్మేశాను. తీరా ఆ కొరికిన వేర్ల మీది డీఎన్‌ఏ చూస్తే ఉడతలు! కరువులో తడి కోసం వేర్లు నమిలేశాయి. "చూశారా, కంపెనీ తప్పేం లేదు" అంటున్నారు ఇప్పుడు. ఒప్పుకుంటా. కానీ ఉడతలకే ఇంత కుదేలైపోయేది పక్కన గని పడితే నిలుస్తుందా?

ఇంకా ఒళ్లు మండేది ఇది. 2022 డిసెంబరులో అంతరించిపోతున్న జాతి అని జాబితాలో పెట్టి, చుట్టుపక్కల నేలతో కలిపి 910 ఎకరాలు దానికి కీలకమని గీత గీసింది అమెరికా ఇంటీరియర్ శాఖ (అక్కడి ప్రభుత్వ భూములు, వన్యప్రాణులు చూసే శాఖ) కింది ఆఫీసు. 2024 అక్టోబరులో గనికి సరే అన్నదీ అదే శాఖ కింది ఇంకో ఆఫీసు! ఆ గీతలోపలి నేల అయిదో వంతు దాకా గని పాలే. 2025 జనవరికల్లా కంపెనీకి ప్రభుత్వం నుంచి దాదాపు వంద కోట్ల డాలర్ల అప్పు కూడా ఖాయం.

నేనేం సాధువుని కాదు, నాదీ బ్యాటరీ స్కూటరే, అందులోనూ లిథియమే. కానీ కుండీ సలహా ఇచ్చిన అన్నా, కుండీ మీరు కొనండి, మట్టి ఎక్కడి నుంచి తెస్తారు? ఆ మట్టినే కదా కంపెనీ టన్నుల లెక్కన తవ్వుకుపోతానంటోంది!