డైమెన్షన్లు పెరిగితే దగ్గర, దూరం ఒకటే!

హాయ్ అండి, స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఇవాళ కర్స్ ఆఫ్ డైమెన్షనాలిటీ, అంటే డైమెన్షన్లు (డేటాలో కాలమ్స్) పెరిగేకొద్దీ వచ్చే ఇబ్బంది. 1957లో గణిత శాస్త్రవేత్త రిచర్డ్ బెల్‌మన్ దీన్ని శాపం అన్నాడు. ఎందుకన్నాడో ఈ గీత చూడండి. పది గడులు. గడికో పాయింట్ అంటే పది చాలు. చదరమైతే వంద. ఘనమైతే వెయ్యి. పది డైమెన్షన్లకి? వెయ్యి కోట్లు! అంత డేటా ఎవరి దగ్గరుంటుంది చెప్పండి.

సరే, కోడ్‌లోకి వెళ్దాం. పైథాన్‌లో లెక్కల లైబ్రరీ నంపై ఇంపోర్ట్, 500 రాండమ్ పాయింట్లు, అన్నీ 0కీ 1కీ మధ్య, రెండు కాలమ్స్. ఇది మీకు తెలిసిందే. మొదటి పాయింట్ నుంచి అన్నిటికీ దూరాలు, మ్యాక్స్ బై మిన్, అంటే అతి పెద్ద దూరాన్ని అతి చిన్నదానితో భాగించడం. రన్. నేను కంట్రోల్ ఎంటర్ కొడతాను, షిఫ్ట్ ఎంటర్ అయితే కర్సర్ కింది సెల్‌కి పారిపోతుంది, నాకు చిరాకు.

ఇదిగో, ఆన్సర్ ఇన్ఫినిటీ! ఇక్కడ ఆగండి. నేను ఒక సాయంత్రమంతా ఇక్కడే కొట్టుకున్నాను. రెండు కాలమ్స్‌కీ ఇన్ఫినిటీ, వెయ్యికీ ఇన్ఫినిటీ. ఫార్ములా తప్పేమో అని మూడుసార్లు తిరగరాశాను. తీరా చూస్తే, లిస్టులో ఆ మొదటి పాయింట్ కూడా ఉంది. తన నుంచి తనకి దూరం సున్నా. సున్నాతో భాగిస్తున్నాను! అందుకే ఇక్కడ, ఈ బ్రాకెట్‌లో, ఒకటి, కోలన్. మొదటిదాన్ని వదిలేశాం. మళ్లీ రన్.

ఇప్పుడు చూడండి, దూరంగా ఉన్నది దగ్గరదానికి పదుల రెట్లు. ఇక రెండు తీసేసి వెయ్యి పెడదాం. చూశారా? అన్ని దూరాలూ 13 చుట్టూనే. దగ్గరది పన్నెండు పైన, దూరంది పద్నాలుగు లోపు. పక్కింటివాడూ ఊరవతలివాడూ ఒకేలా ఉన్నారు. దగ్గరి పాయింట్లని చూసి జవాబు చెప్పే పద్ధతి కేఎన్ఎన్, పాపం ఎవరిని పొరుగువాడనాలి?

కారణం ఈ హిస్టోగ్రామ్‌లో, అంటే ఏ దూరం ఎన్నిసార్లు వచ్చిందో చూపే బొమ్మలో ఉంది. గుట్ట వెడల్పు రెండు కాలమ్స్‌కీ వెయ్యికీ దాదాపు అంతే, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 0.25 దగ్గర. సగటు మాత్రం 0.5 నుంచి 13కి జరిగిపోయింది. ఒక కాలమ్‌లో తేడా ఎక్కువైతే ఇంకోదాంట్లో తక్కువ, వెయ్యి కలిపేసరికి అందరికీ లెక్క సమానం. వెయ్యి నాణేలు ఎగరేస్తే బొమ్మలు 500 దగ్గరే తేలతాయి చూడండి, అలా.

అయితే కాలమ్స్ ఎక్కువని కంగారు పడకండి. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని కాలమ్స్, అందుకే ఇలా అయింది. ఇప్పుడు పాత రెండు కాలమ్స్‌నే టైల్ అనే నంపై ఫంక్షన్‌తో 500 సార్లు పక్కపక్కన పెడుతున్నా. ఇవీ వెయ్యే. కంట్రోల్ ఎంటర్... ఇదిగో, పైన రెండు కాలమ్స్‌కి వచ్చిన రేషియోనే మళ్లీ వచ్చింది.