పాత పికప్‌లో 80 స్పీడా? చెన్నై స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారం. కోయంబేడు మార్కెట్‌కి రాత్రిపూట కూరగాయలు తెచ్చే పాత పికప్‌లు హైవే మీద 80కి తగ్గడం లేదు. పదేళ్లు దాటిన బండికి ఆ స్పీడు తగునా? ఇవాళ మనతో ఒక డ్రైవర్, పుదుపేటలో షెడ్డున్న మేస్త్రీ గారు, ఒక ఆటోమొబైల్ ఇంజనీర్ ఉన్నారు. డ్రైవరన్నా, ముందు మీరు చెప్పండి.

డ్రైవర్: తగదని నాకూ తెలుసమ్మా. నాయుడుపేటలో లోడ్ ఎక్కేసరికే అర్ధరాత్రి అవుతుంది. బేరాలు అయిపోయాక చేరితే వంకాయల మొహం ఎవడూ చూడడు. రైతూ నన్నే అంటాడు, షావుకారూ నన్నే అంటాడు. నాది 2013 బండి. ఈమధ్యే ఇంజన్ పని చేయించా. 80లో కూడా హాయిగా లాగుతోంది.

మెకానిక్: ఇంజన్ లాగుతుందయ్యా, కాదన్నదెవరు? ఆపాల్సింది బ్రేకులు కదా. ఇంజన్‌కి డబ్బు పోస్తారు, లైనర్లు అరిగి కీచుమంటున్నా ఇంకో నెల చూద్దామంటారు.

యాంకర్: సార్, మరీ చిన్న బండ్లు కూడా ఇలాగే పోతాయా?

ఇంజనీర్: 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ 702 సీసీ, 16 హార్స్‌పవర్ బండి. లోడ్‌తో 80 అందుకోవడం దానికి గగనమే. ఒకరకంగా అదే దాన్ని కాపాడింది! 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ పికప్ దోస్త్‌కి 55 హార్స్‌పవర్. అలాంటి పికప్‌లు పాతబడ్డా స్పీడందుకుంటాయి. చిక్కు అక్కడే.

డ్రైవర్: 60కీ 80కీ అంత తేడా ఏముంది సార్?

ఇంజనీర్: లెక్క చూద్దాం. అడ్డం ఏదో వచ్చింది. కాలు బ్రేక్ మీదికి పోవడానికి ఒక సెకను. తర్వాత వేగం ప్రతి సెకనుకూ గంటకు 18 కిలోమీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. 60లో ఉన్న బండి మొత్తం 45 మీటర్లలో ఆగిపోతుంది. సరిగ్గా అది ఆగిన చోట, 80లో వచ్చిన బండి ఇంకా దాదాపు 60 మీదే ఉంటుంది.

డ్రైవర్: అరవయ్యా?

ఇంజనీర్: అదీ బ్రేకులు బాగుంటేనే. పైగా వంద కిలోమీటర్లకు నీకు మిగిలేది 25 నిమిషాలు.

డ్రైవర్: ఆ 25 నిమిషాలే మాకు రేటు సార్. మార్కెట్ మా కోసం ఆగదు.

యాంకర్: ఆ మాటా నిజమే. లోడ్ త్వరగా ఎక్కించమని అక్కడ అడగాలి గానీ, ఆ ఆలస్యాన్ని డ్రైవర్ కాలి కింద పెట్టడం న్యాయం కాదు. మేస్త్రీ గారూ, షెడ్డుకొచ్చే బండ్లలో మీరు ఎక్కువగా చూసేది ఏమిటి?

మెకానిక్: కమాన్ కట్టలో, అంటే బండి బరువు మోసే స్ప్రింగ్ పట్టీల కట్టలో, ఎక్స్‌ట్రా పట్టీ. లోడ్ ఎక్కువ పడుతుందని వేయిస్తారు. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్ దగ్గర ఒక వాల్వ్ ఉంటుంది. బండి ఎంత కుంగిందో చూసి వెనక బ్రేకులకు ప్రెషర్ పంపుతుంది. పట్టీ వేస్తే బండి కుంగదు. వాల్వ్ ఏమో బండి ఖాళీ అనుకుని వెనక బ్రేకులకు ప్రెషర్ తగ్గిస్తుంది. లోడేమో టన్నున్నర!

ఇంజనీర్: ఇది చాలామంది మెకానిక్‌లకే తెలియదు.

మెకానిక్: ఇంకోటి. ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. టకటకమందా, బేరింగో, చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నో పోయినట్టే. పక్కల పట్టుకుని ఊపితే ఆడిందా, స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే టై రాడ్ చివర్లు చూసుకో. 60లో అది స్టీరింగ్‌లో చిన్న వణుకు. 80లో గుంట తగిలితే బండి నీ మాట వినదు.

యాంకర్: టైర్ల సంగతి?

మెకానిక్: బటన్లు ఉన్నాయా లేవా అనే చూస్తారు. టైరు పక్కన అచ్చేసి ఉండే డాట్ నంబర్ చివర నాలుగంకెలు ఎవరూ చదవరు. 2418 అంటే 2018లో 24వ వారం తయారైంది. రబ్బరు ఎండి బీటలు పడుతుంది. ఎండాకాలం, నిండు లోడు, స్పీడు... పేలక ఏం చేస్తుంది?

యాంకర్: ఎఫ్‌సీలో, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం చేసే తనిఖీలో, ఇవన్నీ దొరకవా?

ఇంజనీర్: ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ. ఆ రోజుకి బండి బాగుంటుంది. ఆ తర్వాత 364 రోజులు ఎవరు చూస్తారు?

డ్రైవర్: మేస్త్రీ అన్నా, రేపు లోడ్ దించేసి మీ షెడ్డుకొస్తా. బ్రేకులు చూస్తారా?

మెకానిక్: దించకుండా రా. లోడ్‌తో నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటా.