పేరు చెప్పి పాడండి

సభకు నమస్కారం.

ఈ రెండు మూడేళ్లలో మనల్ని విడిచి వెళ్లిన పెద్దలను తలచుకోవడానికి ఇక్కడ చేరాం. నిర్వాహకులు నా చేతికిచ్చిన జాబితాలో ఇరవైకి పైగా పేర్లు ఉన్నాయి. అందరి గురించీ చెప్పాలంటే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా దక్కవు. పుట్టిన తేదీ, అందుకున్న పురస్కారాలు చదివి వేదిక దిగిపోవాలి. అలా చేయడానికి మనసు ఒప్పలేదు. కొద్దిమంది గురించే మాట్లాడతాను. మీ అభిమాన వ్యక్తి పేరు నా నోట రాకపోతే మన్నించండి.

'తీరని లోటు' అనే మాట మనందరికీ తెలుసు. శాస్త్రవేత్త పోయినా, నటుడు పోయినా, మంత్రి పోయినా రంగం పేరు మార్చి అదే వాక్యం రాస్తాం. నేనూ రాశాను. 2023 ఆగస్టు 22న కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, అంటే సి.ఆర్. రావు గారు, అమెరికాలో కన్నుమూశారు. ఆయన వయసు 102. ఆ రోజు నలుగురితో పాటు నేనూ 'గణాంక శాస్త్రానికి తీరని లోటు' అని రాశాను. రాశాక ఆ వాక్యం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఏమిటా లోటు? ఆయన చేసిన పని ఏమిటి? నాకు తెలియదు. తెలియని మనిషి కోసం నేను దుఃఖం ప్రకటించాను. ఈ ప్రసంగం ఆ రోజు పడిన సిగ్గులోంచి పుట్టింది.

ఆ తర్వాత కూర్చుని చదివాను. చదివింది మీతో పంచుకుంటాను, కొంచెం ఓపిక పట్టండి.

రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో సైన్యంలో ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. అక్కడ పరిచయమైన ఒకరి ద్వారా మహలనోబిస్ గారి గణాంక సంస్థ సంగతి తెలిసి 1941లో అందులో చేరారు. కొన్నేళ్లకే అక్కడ పాఠాలు చెప్పసాగారు. ఒక రోజు తరగతిలో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ సూత్రం ఒకటి వివరిస్తున్నారు. కొలతలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు పనికివచ్చే సూత్రం అది. ఒక విద్యార్థి లేచి, కొలతలు కొద్దిగానే ఉంటే ఏం చేయాలని అడిగాడు. రావు గారి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు తరగతికి పట్టుకెళ్లారు. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నారు.

ఆయన తేల్చినది మామూలు మాటల్లో ఇది. తెలియని ఒక విలువను కొన్ని కొలతల నుంచి అంచనా వేస్తున్నాం అనుకోండి. అంచనా ఏ ఒక్క వైపుకీ మొగ్గకూడదన్నది షరతు. అప్పుడు ఎంత నేర్పుగా లెక్క వేసినా తడబాటు ఒక మేరకు దిగువకు రాదు. ఆ మేర ఎంతో ఆయన చూపించారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. చేతిలో ఉన్న మోటు అంచనాకు పదును పెట్టే పద్ధతి కూడా అదే వ్యాసంలో ఉంది. గణాంకాలను జ్యామితి కళ్లతో చూడటానికి దారి వేసింది కూడా అదే. ఈనాడు రాడార్ పనితనాన్ని అంచనా కట్టే ఇంజనీరు ఆ మేరను 'క్రామర్–రావు హద్దు' అని పిలుస్తాడు. ఆ 'రావు' మన ఆయనే. గణాంక శాస్త్రంలో అత్యున్నత అంతర్జాతీయ బహుమతి ఆయనకు 2023లో వచ్చింది, వ్యాసం అచ్చయిన 78 ఏళ్లకు, కన్నుమూసిన సంవత్సరంలోనే.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగు గంటలకు అమ్మ తనను నిద్రలేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించేదని ఆయన తన పుస్తకం అంకితంలో రాసుకున్నారు. అమ్మ లక్ష్మీకాంతమ్మ గారు. రావు గారి పేరు ఎక్కడ కనిపించినా నాకు ఆ దీపం గుర్తొస్తుంది.

చనిపోయినవారి గురించి మన తొందర ఇంకో రకంగానూ ఉంది. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు గారు పోయారని పుకారు లేచింది. తాను బతికే ఉన్నానని ఆ పెద్దాయనే వీడియోలో చెప్పాల్సి వచ్చింది. ఆయన నిజంగా కన్నుమూసింది 2025 జులై 13న. తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ గారి విషయంలో మరీ ఘోరం. 2024 డిసెంబరు 15న ఆయన ఆసుపత్రిలో ప్రాణాలతో పోరాడుతుండగానే మరణవార్త దేశమంతా పాకింది. ఆయన ఇంకా ఊపిరితోనే ఉన్నారని కుటుంబం చెప్పుకోవాల్సి వచ్చింది. కొన్ని గంటల తర్వాత ఆ వార్త నిజమైంది. ఆసుపత్రి గది బయట నిలబడిన ఆ కుటుంబాన్ని తలచుకుంటే గుండె చివుక్కుమంటుంది. నివాళి ముందుగా చెప్పినంత మాత్రాన అభిమానం ఎక్కువని కాదు. ఒక గంట ఆగడం కూడా గౌరవమే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే దగ్గరైన మనిషి దగ్గరకు వస్తాను. గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ గారు. 2025 మార్చి 9న తిరుపతిలో కన్నుమూశారు.

అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద దొరికాయని మీకు తెలుసు. ఆ రేకుల మీద సాహిత్యం ఉంది. ఏ రాగమో చెప్పే పేరు ఉంది. కానీ ఎలా పాడాలో లేదు. పదిహేనో శతాబ్దపు ఆ గొంతు మనదాకా రాలేదు. కొన్ని శతాబ్దాలు ఆ కీర్తనలు తిరుమల ఆలయంలోని భాండారంలో ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో పండితులు వాటిని చదివి, ఎత్తి రాసి, అచ్చు వేయించారు. అచ్చయిన పాట అంటే ఇంకా పాట కాదు కదా. దానికి ఎవరో బాణీ కట్టాలి. ఆ పనికి కూర్చున్నవారిలో బాలకృష్ణ ప్రసాద్ గారు ఒకరు. తిరుమల తిరుపతి దేవస్థానాల అన్నమాచార్య ప్రాజెక్టులో దశాబ్దాలు పనిచేశారు. ఆరు వందలకు పైగా కీర్తనలను స్వరపరిచారు.

ఇక్కడే నన్ను కదిలించే సంగతి ఉంది. 'వినరో భాగ్యము విష్ణుకథ' వినని తెలుగు ఇల్లు అరుదు. ఆ పాట వింటుంటే మనకు ఏమనిపిస్తుంది? అన్నమయ్య ఇలాగే పాడి ఉంటాడని అనిపిస్తుంది. ఆ బాణీ ఐదు వందల ఏళ్ల నుంచీ ఉందనే చాలామంది అనుకుంటారు. అది కట్టింది మొన్నటిదాకా మన మధ్య తిరిగిన మనిషి. పాత మాటకు అంత సహజంగా అతికింది గనుకే కట్టిన చేయి కనిపించడం లేదు. ఆయన ప్రతిభే ఆయన పేరును కప్పేసింది. పిల్లలు పోటీల్లో ఆ కీర్తన పాడేటప్పుడు 'అన్నమాచార్య కీర్తన' అని చెప్పి మొదలుపెడతారు. తప్పు కాదు, కానీ సగమే. గురువులు నేర్పితే మిగతా సగం కూడా చెబుతారు. ఆయన బతికుండగా ఈ మాట గట్టిగా అనలేకపోయినందుకు నాకు బాధగా ఉంది.

పొగడ్త మాత్రమే చాలదని చెప్పడానికి ఎం.ఎస్. స్వామినాథన్ గారి ఉదాహరణ తీసుకుంటాను. 2023 సెప్టెంబరు 28న, 98 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. 1943 బెంగాల్ కరువు చూసి ఆయన వైద్యం ఆలోచన మాని వ్యవసాయ శాస్త్రం వైపు వచ్చారు. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల పొట్టి గోధుమ విత్తనం దిగుమతి అయింది. రెండేళ్లు తిరిగేసరికి దేశంలో గోధుమ పంట అంతకుముందు ఎన్నడూ లేనంతగా పెరిగింది. ఆకలి తీర్చిన మహానుభావుడని ఒక వర్గం అంటుంది. నేలను ఎరువులకు, బోరు నీటికి అలవాటు చేసి పాడుచేసినవాడని ఇంకో వర్గం అంటుంది. ఇద్దరూ మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. 1968 జనవరిలో, ఆ భారీ పంట ఇంకా చేలో ఉండగానే, వారణాసిలో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆయనే హెచ్చరించారు. నేల సారాన్ని కాపాడకుండా పంట మీద పంట పిండుకుంటే ఎడారులు పుడతాయని, భూగర్భ జలాలను అడ్డూ అదుపూ లేకుండా తోడేస్తే ఈ సంపద తరిగిపోతుందని అన్నారు. నెగ్గుతున్న వేళ తన పనిలోని ప్రమాదాన్ని తానే చెప్పిన మనిషి ఆయన. మనం ఆయన విత్తనం తీసుకున్నాం, మాట వదిలేశాం.

2024 ఫిబ్రవరిలో ఆయనకు భారతరత్న ప్రకటించారు. సరిగ్గా అదే నెలలో, ఆయన అధ్యక్షత వహించిన రైతు కమిషన్ సిఫారసు చేసిన మద్దతు ధర ఇవ్వమంటూ రైతులు ఢిల్లీ వైపు బయలుదేరారు. దారిలో వాళ్లకు అడ్డుగా ముళ్లకంచెలు వేశారు. చెప్పిన మనిషికి పతకం, చెప్పిన మాట అడిగినవాళ్లకు ముళ్లకంచె. నాకు ఆ నెల గుర్తున్నంతగా ఆ పురస్కారం గుర్తులేదు.

మన్మోహన్ సింగ్ గారు 2024 డిసెంబరు 26న పోయారు. సమకాలీన మీడియా కంటే చరిత్ర తన పట్ల దయగా ఉంటుందని ఆయన 2014 జనవరిలో అన్నారు. ఆ దయ మరణించిన మర్నాడే మొదలైంది, కొందరి నోట అతిగా కూడా వచ్చింది. రెండో విడత పాలనలో వచ్చిన కుంభకోణాల ఆరోపణల ముందు ఆయన మౌనం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అది చెప్పినంత గట్టిగానే ఇంకో రెండు సంగతులు చెబుతాను. 2005 ఆగస్టులో పార్లమెంటులో నిలబడి, 1984 సిక్కుల ఊచకోతకు సిగ్గుతో తలవంచుతున్నానని ఒక ప్రధానమంత్రి హోదాలో అన్నారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. కూలి దొరకని రోజున పని అడిగే హక్కు అలా చట్టం రూపంలో మనిషి చేతికి వచ్చింది. మెప్పు, తప్పు రెండూ ఒకే మనిషివి. విడదీసి ఒక్కటే చెబితే ఆ మనిషి మిగలరు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న వెళ్లిపోయారు. మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన పలక వేసుకుని, విత్తనాల సంచితో సైకిల్ మీద తిరిగిన మనిషి. ఆయన గురించి ఉపన్యాసం అవసరం లేదు. ఆయన నాటిన చెట్లు ఉన్నాయి.

ఇక జయంత్ నార్లీకర్ గారు. 2025 మే 20న పుణెలో కన్నుమూసిన ఖగోళ శాస్త్రవేత్త. విశ్వం ఒక మహా విస్ఫోటంతో పుట్టిందని లోకమంతా ఒప్పుకున్నాక కూడా ఆయన తన సందేహాన్ని వదల్లేదు. ఆయన పక్షం గెలవలేదు. అయినా ఒంటరిగా నిలబడి ప్రశ్నించడం శాస్త్రంలో నేరం కాదని చూపించారు. నాకు మాత్రం ఆయన గురించి తెలిసినవాటిలో అన్నిటికంటే ఇష్టమైనది చిన్న సంగతి. బడిపిల్లలు సంతకం కోసం చుట్టుముడితే పెట్టేవారు కాదట. ఒక పోస్టుకార్డు మీద ఏదైనా ప్రశ్న రాసి పంపండి, జవాబు రాసి దాని కింద సంతకం పెడతాను అనేవారట. అన్నట్టే జవాబులు రాశారు. ఆ కార్డులు ఇప్పుడు నడివయసుకు వచ్చిన ఎంతోమంది ఇళ్లలో ఉండి ఉంటాయి.

నా సమయం అయిపోయింది. తర్వాతి కార్యక్రమం సంగీతం. గాయనీమణులు సిద్ధంగా ఉన్నారు, తంబురా శ్రుతి చేసుకుంటున్నారు. 'వినరో భాగ్యము' పాడబోతున్నారు. పాడేముందు సాహిత్యం ఎవరిదో, బాణీ ఎవరిదో రెండు పేర్లూ చెప్పమని ఇందాక వారిని అడిగాను. సరేనన్నారు.

సెలవు.