మార్జిన్‌లో నేను రాసుకున్న మాట

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఈ పఠన బృందాన్ని ఓపికగా నడుపుతున్న మిత్రులకు, సెలవురోజు సాయంత్రాన్ని ఒక నవల కోసం వదులుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా పలకరించవలసినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పవలసినది ఎక్కువ కనుక మన్నించమని కోరుతున్నాను.

“సైకలాజికల్ థ్రిల్లర్: పాత నేరం, జ్ఞాపకం, నమ్మకం” అన్నది నాకు అప్పగించిన అంశం. ఈ నెల మనం చదువుతున్న నవలను ఆధారం చేసుకునే మాట్లాడతాను. చివరిదాకా చేరనివాళ్ళు ఈ సభలో ఉన్నారని తెలుసు కాబట్టి దోషి ఎవరో చెప్పను, దోషిని పట్టించే పేజీ సంఖ్య కూడా చెప్పను. చిన్ననాటి స్నేహితురాలు ఒక రాత్రి కనబడకుండా పోయింది; ఇరవై రెండేళ్ళ తరవాత ఆ సంగతి తేల్చుకోవడానికి కథానాయిక తిరిగి వచ్చింది; ఆ రాత్రి ఆమెకు సగమే గుర్తుంది; మిగతా సగాన్ని గుర్తుచేయడానికి ముగ్గురున్నారు; ఆ ముగ్గురిలో ఒకరు చెప్పేది అబద్ధం. ఇంతవరకు చెబితే ఎవరి ఆసక్తికీ భంగం కలగదనుకుంటాను.

నాకు పెన్సిల్ పట్టుకుని చదవడం అలవాటు. నవల పూర్తయ్యాక, దోషి ఎవరో తెలిశాక, మళ్ళీ మొదటికి వెళ్ళి నెమ్మదిగా పేజీలు తిప్పాను. మొదటి వంద పేజీల్లోనే ఒకచోట మార్జిన్‌లో, సరిగ్గా ఆ దోషి పేరు పక్కనే, “మంచి మనిషి” అని నా చేతిరాత కనబడింది. గీత కూడా గీశాను, అది కూడా గట్టిగా. కాగితం వెనక వేలితో తడిమితే ఆ గీత తగులుతుంది. ఆ పేజీలో రచయిత్రి రాసినదల్లా ఒక పాత్ర మరొక పాత్రకు చేసిన చిన్న సాయం గురించి. మంచితనం అన్న మాట అక్కడెక్కడా లేదు. ఆ మాటను తెచ్చి పెట్టినదాన్ని నేను. నన్ను ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక సాయాన్ని చూపించారు, దానికి ఒక మనిషిని నేనే కల్పించుకున్నాను.

మామూలు అపరాధ పరిశోధన నవల మనల్ని ఆ పని ఎవరు చేశారని అడుగుతుంది. ఈ రకం నవల నువ్వెవరిని నమ్మావు, దేన్ని చూసి నమ్మావు అని అడుగుతుంది. 1926లో అగాథా క్రిస్టీ రాసిన ఒక నవలలో (దాని పేరు కూడా చెప్పను, చదవనివాళ్ళ సుఖం చెడగొట్టకూడదు) కథ చెబుతున్న మనిషి పెద్ద అబద్ధమేమీ చెప్పడు. ఒక గదిలో గడిచిన కొద్ది నిమిషాలను మాత్రం రెండు వాక్యాల మధ్య దాచేస్తాడు. ఇది పాఠకుడికి చేసిన అన్యాయమని అప్పట్లో కొందరు గొడవపడ్డారు. ఇలాంటివాణ్ణి ‘నమ్మదగని కథకుడు’ అనాలని వేన్ బూత్ అనే అమెరికన్ సాహిత్య విమర్శకుడు 1961లో పేరు పెట్టేటప్పటికి ఆ విద్య రచయితల చేతుల్లో బాగా పండిపోయింది. కథ చెప్పే గొంతును నమ్మడం మనకు ఊపిరి తీసుకున్నంత సహజం. ఆ గొంతును అనుమానిస్తే అసలు కథే వినలేం. రచయిత మన ఈ అవసరం మీదే దెబ్బ కొడతాడు.

మనకు ఇది కొత్త విద్య కాదు. హితోపదేశంలో జరద్గవమనే ముసలి గద్ద కథ మీకు గుర్తుండే ఉంటుంది. గోళ్ళు అరిగిపోయి, చూపు పోయి, ఒక మహావృక్షపు తొర్రలో ఉంటుంది. చెట్టు మీది పక్షులు జాలిపడి తమ తిండిలో కొంత పెడతాయి, అవి మేతకు వెళ్ళినప్పుడు ఇది పిల్లలకు కాపలా ఉంటుంది. దీర్ఘకర్ణమనే పిల్లి వస్తుంది. పక్షిపిల్లలు బెదిరి అరుస్తాయి. ఎవరక్కడ అని గద్ద గద్దిస్తుంది. తాను నిత్యం గంగాస్నానం చేస్తున్నాననీ, చాంద్రాయణ వ్రతంలో ఉన్నాననీ, ధర్మం తెలిసిన పెద్దవాడివని విని నీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చాననీ పిల్లి చెబుతుంది. గద్ద వెంటనే నమ్మలేదు, దయచేసి గమనించండి. పిల్లికి మాంసమంటే ఇష్టం, ఇక్కడ పసికూనలున్నాయి, అందుకే అడుగుతున్నానని మొహం మీదే అన్నది. అన్ని శాస్త్రాలూ అహింసనే పరమధర్మమంటున్నాయని పిల్లి శపథం పట్టాకే చోటిచ్చింది. ఆ తరవాత పిల్లి రోజుకో పిల్లను తొర్రలోకి లాక్కొచ్చి తిన్నది. పిల్లలను పోగొట్టుకున్న పక్షులు ఏడుస్తూ వెతకడం మొదలుపెట్టగానే జారుకున్నది. తొర్రలో ఎముకలు దొరికాయి. పక్షులన్నీ కలిసి గద్దను చంపేశాయి.

కులశీలాలు తెలియనివాడికి చోటివ్వరాదని ఈ కథకు నీతి చెబుతారు. చిన్నప్పుడు నేనూ బట్టీపట్టాను. ఇప్పుడు ఆ నీతిని ఒప్పుకోలేకపోతున్నాను. ఇందులో నమ్మకం రెండుచోట్ల దారితప్పింది. గద్ద పిల్లి మాటను నమ్మింది, పక్షులు ఎముకలను నమ్మాయి. ఇన్నాళ్ళు తమ పిల్లలను కాచిన ప్రాణిని ఒక్క ప్రశ్నైనా అడగకుండా చంపాయి. పిల్లి ఏమైందో ఎవరికీ పట్టలేదు. నీతి చెప్పేవాళ్ళకూ పట్టలేదు. తప్పు మొత్తం చోటిచ్చినవాడి నెత్తిన పడింది. అయ్యా, అమ్మా, ఈ ఒక్క మాట చెప్పడానికే నేనివాళ ఇక్కడికి వచ్చాను. మోసపోయినవాళ్ళ మీదికి మనం ఎందుకు ఇంత త్వరగా వెళతాం?

నా కాగితంలో తరవాతి భాగం కథన శిల్పం గురించి. దాన్ని పక్కన పెడుతున్నాను.

మా పెద్దమ్మ గురించి చెబుతాను. పెదనాన్న హఠాత్తుగా పోయినప్పుడు ఆమెకు నలభై ఏళ్ళు నిండలేదు. బీమా కాగితాలు, పింఛను కాగితాలు, ఇంటి దస్తావేజులు, ఇవేవీ అంతకుముందు ఆమె చేతిలోకి వచ్చినవి కావు. పెదనాన్నతో కలిసి చదువుకున్న ఒకాయన ముందుకొచ్చి ఆ పనులన్నీ తన మీద వేసుకున్నాడు. ప్రతి వారం వచ్చేవాడు. మంచినీళ్ళు తప్ప మరేమీ పుచ్చుకునేవాడు కాదు. సంతకం చేయవలసిన చోట్లలో ముందుగా పెన్సిల్‌తో సన్నగా టిక్కు పెట్టి, “వదినగారూ, ఇక్కడొకటి, ఇదిగో ఇక్కడొకటి” అని చూపించేవాడు. ఆమె సంతకాలు పెట్టాక ఆ టిక్కులు చెరిపేవాడు. చెరపడానికి రబ్బరు నా కంపాస్ పెట్టెలోది. అది తెచ్చివ్వడం నా పని. పొడిని ఊదేసి రబ్బరు తిరిగి నా చేతిలో పెట్టేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆయన వస్తే ఇంట్లో ఎవరో మగదిక్కు వచ్చినంత ధైర్యంగా ఉండేది.

ఆ సంతకాల్లో కొన్ని ఇంటిని తాకట్టు పెట్టడానికి పనికొచ్చాయని మూడేళ్ళకు గాని బయటపడలేదు. అప్పటికి ఆయన చిరునామా మారిపోయింది. ఇల్లు పోయింది. ఇల్లు పోయిన బాధకంటే ఆ తరవాత పదిహేనేళ్ళు ఆమె విన్న ప్రశ్న పెద్దది. “అంత గుడ్డిగా ఎలా నమ్మావు?” పెళ్ళిలో అడిగారు, చావులో అడిగారు. అడిగినవాళ్ళలో ఆయన రాగానే లేచి కుర్చీ వేసినవాళ్ళున్నారు, “ఇలాంటి స్నేహితుడు దొరకడం అదృష్టం” అని ఆమెతో అన్నవాళ్ళున్నారు. “నాకు మొదటినుంచీ అనుమానమే” అన్న మాట ఎందరి నోట విన్నానో లెక్కపెట్టలేను. మొదట్లో ఆ అనుమానం ఒక్కరి నోటా నేను వినలేదు. పెద్దమ్మ ఆ ప్రశ్నకు ఎప్పుడూ జవాబు చెప్పలేదు. చేతిలో ఉన్న పని చేసుకుంటూ ఉండేది.

“నాకు మొదటినుంచీ తెలుసు” అనేవాళ్ళందరూ కావాలని అబద్ధమాడతారని నేననను. బరూక్ ఫిషాఫ్ అనే మనస్తత్వ పరిశోధకుడు 1975లో ప్రచురించిన ప్రయోగాల్లో, 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా యుద్ధం గురించిన కథనాన్ని కొందరి చేత చదివించాడు. అది నాలుగు రకాలుగా ముగిసే వీలుంది. కొందరికి ముగింపు చెప్పలేదు, మిగతావారికి తలా ఒక ముగింపును ఇదే జరిగిందని చెప్పాడు. ఏ ముగింపు విన్నవాళ్ళు ఆ ముగింపే ముందునుంచీ ఎక్కువగా కనబడుతున్నదని లెక్కగట్టారు. ఫలితం తెలిశాక, తెలియక ముందు మన మనసు ఎలా ఉండేదో మనకే దొరకదన్నమాట. థ్రిల్లర్ చివరి పేజీ మూసి “ఊహించాను” అనే పాఠకుడికీ, పెద్దమ్మను నిలదీసిన బంధువుకీ పట్టిన జబ్బు ఒకటే. నా పెన్సిల్ రాత మిగిలి ఉండకపోతే నేనూ ఊహించాననే చెప్పేదాన్నేమో.

ముఖం చూసి అబద్ధాన్ని పట్టగలమన్న నమ్మకం కూడా వదులుకోవాలి. చార్లెస్ బాండ్, బెల్లా డెపాలో అనే ఇద్దరు 2006లో అనేక పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, మాటలు విని నిజమో అబద్ధమో చెప్పడంలో మనుషులు నూటికి సగటున 54 సార్లు మాత్రమే సరిగ్గా చెప్పగలిగారు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. అందులోనూ నిజాన్ని నిజమని గుర్తించినవి 61 శాతం, అబద్ధాన్ని అబద్ధమని పట్టినవి 47 శాతం. మనం నమ్మడం వైపే మొగ్గుతాం. అలా మొగ్గకపోతే దారి అడిగి నడవలేం, వైద్యుడి చేతికి ఒంటిని అప్పగించలేం.

అనుభవం ఉన్నవాళ్ళు పసిగడతారంటారా? ఆన్ రూల్ అనే అమెరికన్ రచయిత్రి ఒకప్పుడు సియాటిల్ పోలీసు శాఖలో పనిచేసిన మనిషి, ఆ తరవాత నేరాల గురించి రాస్తూ బతికిన మనిషి. 1971లో ఆ నగరంలోనే, ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ళు ఫోన్ చేస్తే ధైర్యం చెప్పే కేంద్రంలో ఆమె పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన యువకుడు టెడ్ బండీ. రాత్రి పని ముగిశాక ఆమెను కారుదాకా దిగబెట్టి, తలుపులు జాగ్రత్తగా వేసుకోమని చెప్పేవాడు. తరవాత వరసగా యువతుల హత్యలు జరిగినప్పుడు వాటి గురించి పుస్తకం రాయడానికి ఆమె ఒప్పందం చేసుకున్నది. తాను రాయబోయే హంతకుడు తన స్నేహితుడేనని అప్పటికి ఆమెకు తెలియదు. ఆ పుస్తకం 1980లో వచ్చింది. పోలీసు చదువు చదివిన మనిషికి కనబడనిది మా పెద్దమ్మకు కనబడలేదని మేము పదిహేనేళ్ళు నిందించాం.

‘మేము’ అన్నాను, ఆ మాట మీద ఒక క్షణం ఆగాలి. నేను ఆ ప్రశ్న నోరు విప్పి అడగలేదు. అడుగుతుంటే విన్నాను. ఆయనంటే నాకెంత ఇష్టమో, ఆ రబ్బరు తెచ్చిచ్చింది నేనేనని, ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమె ఒక్కతే మోసపోలేదని తేలేది.

ఈ మధ్య ఈ సంగతి పెద్దమ్మ కూతురితో, మా అక్కతో అన్నాను. “పెన్సిలేమిటే, ఆయన వేలు పెట్టి చూపించేవాడు, అంతే” అన్నది. రబ్బరు సంగతి తనకు తెలియదన్నది. నా అరచేతిలో ఆ రబ్బరు వెచ్చదనం ఇప్పటికీ ఉంది. అక్క కూడా అంతే గట్టిగా చెబుతోంది. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో చేసిన ప్రయోగం నాకు గుర్తొచ్చింది. 150 మంది విద్యార్థులకు ఒక కారు ప్రమాదం ఉన్న చిన్న సినిమా చూపించారు. కార్లు ఎంత వేగంతో ‘తగిలాయి’ అని 50 మందిని, ఎంత వేగంతో ‘నుజ్జునుజ్జుగా గుద్దుకున్నాయి’ అని మరో 50 మందిని అడిగారు. మిగతా 50 మందిని వేగం గురించి అడగలేదు. వారం తరవాత, పగిలిన అద్దం చూశారా అని అందరినీ అడిగితే, ‘తగిలాయి’ అని విన్నవాళ్ళలో 7 మంది, ‘గుద్దుకున్నాయి’ అని విన్నవాళ్ళలో 16 మంది చూశామన్నారు. సినిమాలో పగిలిన అద్దమే లేదు. ఒక్క క్రియాపదం మారితే అంతమంది కళ్ళ ముందు లేని అద్దం పగిలింది. పదిహేనేళ్ళు ఒకే నిందను విన్న మనిషి జ్ఞాపకం ఏమై ఉంటుంది? ‘గుడ్డిగా’ అన్న మాటను అన్నిసార్లు విన్నాక, తాను గుడ్డిగా సంతకం పెట్టలేదనీ, ప్రతిసారీ ఇదేమిటని అడిగిందనీ, ఆయన ఓపికగా జవాబు చెప్పాడనీ పెద్దమ్మకే గుర్తులేకుండా పోయి ఉంటుంది. ఆమె అడగడం నేను విన్నాను. గద్ద కూడా అడిగింది.

మన నవలలో కథానాయికకు సరిగ్గా ఇదే జరుగుతుంది. నీకు గుర్తున్నది అలా కాదమ్మా అని ప్రేమగా చెప్పే గొంతు ఒకటి ఉంది. ఆ గొంతు విన్న ప్రతిసారీ ఆమె రాత్రి కొంచెం మారుతుంది. రెండోసారి చదివేటప్పుడు ఆ మార్పులను వరసగా రాసుకోండి. మొదటి అధ్యాయంలో కిటికీ తెరిచి ఉంటుంది, తొమ్మిదో అధ్యాయానికి మూసి ఉంటుంది. మధ్యలో ఎవరు వచ్చి మాట్లాడారో చూడండి. నేరం ఇరవై రెండేళ్ళ కిందటిదే అయినా, ఆ కిటికీ దగ్గర అది ఇంకా జరుగుతూనే ఉంది.

సమయం మించిపోయిందని అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు. ఒక్క విన్నపం చేసి కూర్చుంటాను. ఇంకా పూర్తిచేయనివాళ్ళు ఈ రాత్రే ఒక పెన్సిల్ తీసుకుని, ఆ ముగ్గురిలో ఎవరిని నమ్ముతున్నారో, ఎందుకు నమ్ముతున్నారో ఇప్పటిదాకా చదివిన చోట మార్జిన్‌లో రాసి, పక్కన తేదీ వేయండి. పుస్తకం ముగిశాక దాన్ని చెరపకండి. వచ్చే నెల అందరం ఆ పేజీలతోనే కలుద్దాం. నా పుస్తకం నేనూ తెస్తాను, “మంచి మనిషి” అన్న మాట అందులో అలాగే ఉంటుంది.