‘అంతా మన మంచికే’ అనే ముందు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పడం ఆనవాయితీ. నాకిచ్చింది నలభై నిమిషాలు కాబట్టి అందరినీ ఒకే నమస్కారంలో కలిపేస్తున్నాను, నొచ్చుకోకండి. విశ్వాసం, ఆశ, కృతజ్ఞత గురించి మాట్లాడమన్నారు. మూడింటికీ సమానంగా సమయం పంచుదామనే అనుకున్నాను. కానీ ఎదురుగా ఉన్న మీలో కొందరు మంచం పట్టిన మనిషికి సేవ చేస్తున్నవాళ్లు, కొందరు అలాంటి ఇళ్లకు పలకరింపుకు వెళ్లేవాళ్లు. మిమ్మల్ని చూశాక ఆ పంపకం నిలుస్తుందన్న నమ్మకం పోయింది.

కృతజ్ఞతతో మొదలుపెడతాను. ఈ మూడింట్లో ఎక్కువగా చెడగొట్టుకున్నది దాన్నే.

రోజూ పది మంచి విషయాలు రాయండి, బాధ పోతుంది అని చెప్పేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. రాయడంలో నిజంగా బలం ఉంది, కాదనను. 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల్ని మూడు గుంపులు చేశారు. వారానికోసారి ఒక గుంపు కృతజ్ఞత కలిగించినవి ఐదు దాకా రాసింది, ఇంకో గుంపు చికాకులు రాసింది, మూడోది జరిగిన సంగతులేవో రాసింది. మొదటి గుంపువాళ్లు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి చెప్పారు. తర్వాత నరాలు, కండరాల జబ్బులున్న పెద్దవాళ్ల చేత 21 రోజులు రాయించారు. వాళ్లు నిద్ర కూడా మెరుగైందన్నారు. జబ్బు మనిషికి అది చిన్న లాభం కాదు.

మోతాదు దగ్గరే తేడా వస్తుంది. 2005లో సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాలు ఇదే పని చేయించింది. వారానికి ఒకసారి రాసినవాళ్ల సంతోషం పెరిగింది. మూడుసార్లు రాసినవాళ్లకు పెరగలేదు. రోజూ అదే అన్నం, అదే కూర అన్నట్టు, చేసిందే చేస్తుంటే మనసు పట్టించుకోవడం మానేస్తుంది.

పది రాయమనడంలో ఇంకో చిక్కుంది. 1991లో నోర్బర్ట్ ష్వార్జ్, ఆయన సహచరులు కొందరిని, మీరు ధైర్యంగా, వెనక్కి తగ్గకుండా మీ మాట చెప్పిన ఆరు సందర్భాలు రాయండి అన్నారు. ఇంకొందరిని పన్నెండు రాయమన్నారు. పన్నెండు రాసినవాళ్లే తమను తాము తక్కువ ధైర్యవంతులుగా లెక్కేసుకున్నారు. ఆరు గబగబా గుర్తొస్తాయి. తొమ్మిదోదాని కోసం తడుముకునేటప్పుడు, ఇంత వెతకాలంటే నాలో ధైర్యం లేదన్నమాట అని మనసు తీర్మానించుకుంటుంది. ఆ ప్రయోగం కృతజ్ఞత మీద చేసింది కాదు, నిజమే. కానీ కీమో వేయించుకుని వచ్చిన మనిషి చేతికి పెన్నిచ్చి పది రాయమంటే ఏడోదాని దగ్గర ఏమవుతుందో ఊహించండి.

కాబట్టి ఇలా చేయండి. వారానికి ఒక రోజు, మూడు, అంతే. ఒక్కో దానికి రెండు ముక్కలు ఉండాలి: ఏం జరిగింది, ఎవరి వల్ల లేదా ఎందువల్ల జరిగింది. ‘నా కుటుంబం’ అని రాస్తే పని చేయదు, అది మరీ పెద్దది, మరీ పాతది. ‘మంగళవారం రాత్రి నర్సు లైటు వేయకుండా, టార్చి చేత్తో కప్పుకుని వచ్చి సూది మందు ఇచ్చింది, నా నిద్ర చెడకూడదని’ అని రాస్తే పని చేస్తుంది. చేయి వణికితే పక్కవాళ్లు రాసిపెట్టాలి, మాటలు మాత్రం రోగివే ఉండాలి. ఒక వారం ఏదీ తోచకపోతే తేదీ వేసి ఖాళీగా వదిలేయాలి, బలవంతాన నింపకూడదు. చెడు వార్త విన్న మొదటి రోజుల్లో ఆ పుస్తకం అసలు బయటికి తీయకండి. అప్పుడు చూడాల్సినవి వేరు: నీళ్లు తాగారా, మాత్ర వేసుకున్నారా, నాలుగు గంటలైనా కునుకు పట్టిందా.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను. మనం కృతజ్ఞత చెప్పేటప్పుడు ఏమంటాం? ‘మీకు రుణపడి ఉంటాను.’ ‘మీ రుణం తీర్చుకోలేను.’ మన భాషలో కృతజ్ఞత పక్కనే అప్పు కూర్చుని ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి అది అందమైన మాట. తన ఒళ్లు తాను తుడుచుకోలేని మనిషికి మాత్రం రోజూ పెరిగే వడ్డీ. అందుకే ‘మీకు భారమైపోయాను’ అంటారు. అప్పుడు ‘ఛ, అవేం మాటలు’ అని నోరు మూయించకండి. వాళ్ల చేతికి ఓ పని ఇవ్వండి: కూరగాయల పద్దు చూడటం, పిల్లవాడి చేత ఎక్కాలు చెప్పించుకోవడం, ఫోనులో ఒకరిని పలకరించడం. తిరిగి ఇవ్వగలిగినప్పుడే పుచ్చుకోవడం తేలికవుతుంది.

సరే, విశ్వాసం. అయ్యా, అమ్మా, ఒక్కసారి చేతులెత్తండి. కష్టంలో ఉన్నప్పుడు ‘అంతా మన మంచికే’ అనే మాట ఎంతమంది విన్నారు? చూశారా, దాదాపు అందరూ. చేతులు దించకండి. అదే మాట ఇంకొకరితో అన్నవాళ్లెంతమంది? అవే చేతులు.

నా గొడవంతా ఆ మాటతోనే. దేవుడితో లేదు, ప్రార్థనతో లేదు, ఆ మాటతోనే. ‘కర్మ ఫలం.’ ‘భరించగలిగిన వాళ్లకే దేవుడు కష్టాలిస్తాడు.’ ‘ఇంకా గట్టిగా నమ్మండి.’ ఒడ్డున కూర్చుని ఈత నేర్పడం ఇదే. తన బాధ గురించి తనకు తాను ‘ఇందులోనూ మంచి ఉంది’ అనుకునే హక్కు ప్రతివాళ్లకీ ఉంది. ఎదుటివాడి బాధ గురించి ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. మళ్లీ చెబుతాను: తనకు తాను అనుకోవచ్చు, ఇంకొకరికి చెప్పకూడదు.

బైబిల్లో యోబు కథ తెలుసు కదా. ఆస్తి పోయింది, పిల్లలు పోయారు, ఒళ్లంతా కురుపులు. ముగ్గురు మిత్రులు వచ్చారు: ఎలీఫజు, బిల్దదు, జోఫరు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు, అతని బాధ అంత పెద్దదని చూశారు కాబట్టి. పలకరింపు అంటే అది! ఎనిమిదో రోజు నుంచి నోరు విప్పి, నువ్వేదో తప్పు చేసే ఉంటావు, లేకపోతే ఇలా ఎందుకవుతుంది అని వాదించారు. చివరికి దేవుడు కోపగించుకున్నది తనను సమర్థించిన ఈ మిత్రుల మీద. నిలదీసిన యోబును, నా గురించి సరిగ్గా మాట్లాడినవాడు అన్నాడు. వెళ్లి ఓదార్చేవాళ్లు ఆ ఏడు రోజులు గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాదంతా మర్చిపోయినా ఫరవాలేదు.

మన గజేంద్రుడి మొరలో మాత్రం? మొసలి నోట కాలు పెట్టుకుని, బలం ఉడిగిపోయి, ఉన్నాడు ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా లేడా అని సందేహపడతాడు. ఆ సందేహం కూడా మొరలో భాగమే. దాన్ని తీసేయమని ఎవరూ అనలేదు. మీ రోగి దేవుణ్ని తిడితే కంగారుపడి నోరు నొక్కకండి. తిడుతున్నాడంటే ఇంకా ఆయనతో మాట్లాడుతున్నాడనే అర్థం.

అలాగని వదిలేయమని కూడా అనను. కెన్నెత్ పార్గమెంట్ బృందం ఆసుపత్రిలో ఉన్న, 55 ఏళ్లు దాటిన 596 మందిని రెండేళ్లు గమనించి, 2001లో ఫలితాలు ప్రకటించింది. ‘దేవుడు నన్ను వదిలేశాడు’, ‘దేవుడికి నా మీద ప్రేమ లేదు’ అనే ఆలోచనల్లో ఉన్నవాళ్లలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించింది. ఇది కారణమో, తోడుగా కనిపించిన లక్షణమో ఆ లెక్క ఒక్కటే తేల్చలేదు. కానీ వారాల తరబడి మనిషి అక్కడే ఇరుక్కుంటే, వాళ్ల మతానికి చెందిన, తీర్పు చెప్పని పెద్ద ఒకరిని పిలిపించండి. రమ్మనే ముందు రోగిని అడగండి. ఇష్టం లేదంటే అంతటితో ఆపండి.

ప్రార్థన గురించి ఒక మాట. 2006లో హెర్బర్ట్ బెన్సన్ నాయకత్వంలో 1,802 మంది గుండె బైపాస్ రోగుల మీద జరిగిన అధ్యయనం ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్లు ప్రార్థించారు. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల్లో శస్త్రచికిత్స తర్వాత ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్లు 52 శాతం, 51 శాతం. మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారు అని చెప్పిన గుంపులో 59 శాతం. యాదృచ్ఛికం కావచ్చు. ఇంతమంది ప్రార్థించాల్సినంత ప్రమాదంలో ఉన్నానా అన్న భయం కావచ్చు. దేవుడు ఉన్నాడా లేడా అన్నదానికి ఇది జవాబు కాదు, అయినవాళ్లు చేసే ప్రార్థన గురించీ ఇది ఏమీ చెప్పదు. నేను పట్టుకున్నది ఒక్కటే: ‘మీ కోసం అందరం ప్రార్థిస్తున్నాం’ అని మంచం పక్కన చాటింపు వేయకండి. ‘ప్రార్థన చేయనా, వద్దా? బయటికా, మనసులోనా?’ అని అడగండి. చేస్తే ఒక నిమిషం, వాళ్లకు అలవాటైన మాటల్లో. జబ్బు నయం కావాలనే అడగనక్కర్లేదు, ఈ రాత్రి నొప్పి తగ్గాలని అడగండి.

చీటీ వచ్చింది. పదిహేను నిమిషాలే ఉన్నాయట. ఆశ ఇంకా మిగిలే ఉంది.

ఆశ అంటే మంచి జరుగుతుందనే భావన అనుకుంటాం. చార్లెస్ స్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని మూడు భాగాలుగా విడదీశాడు: చేరాల్సిన చోటు, అక్కడికి దారులు, నడవగలననే నమ్మకం. ఒకటి లోపించినా ఆశ కూలుతుంది. దిగులుగా ఉన్న మనిషికి అందరూ మూడోదే పోస్తుంటారు: ‘ధైర్యంగా ఉండు, నువ్వు చేయగలవు.’ చాలాసార్లు లేనిది అది కాదు, దారి. లేదా చేరాల్సిన చోటే మారిపోయింది, ఎవరూ ఒప్పుకోవడం లేదు.

ముందు ఏది విరిగిందో కనిపెట్టండి. ‘ఈ వారంలో ఏం జరిగితే బాగుండునని ఉంది?’ అని అడగండి. జవాబు లేకపోతే చోటు పోయింది. జవాబుండి ‘ఎలాగో తెలియదు’ అంటే దారి పోయింది. దారి తెలిసీ ‘నా వల్ల కాదు’ అంటే నమ్మకం పోయింది, అప్పుడు పనిని సగం చేసి, మళ్లీ సగం చేయండి. వీధి చివరిదాకా నడవడం గుమ్మందాకా అవుతుంది, గుమ్మందాకా నడవడం మంచం మీద లేచి కూర్చోవడం అవుతుంది. దారి ఒక్కటే ఉంటే చాలదు, రెండుండాలి. ‘కూతురు ఆదివారం వస్తుంది. రైలు తప్పితే సాయంత్రం ఏడింటికి వీడియోలో మాట్లాడుతుంది.’ రెండో దారి ముందే అనుకుని ఉంటే మొదటిది మూసుకున్నా మనిషి కూలబడడు.

ఆశకు తేదీ వేయకండి. ‘పండక్కల్లా లేచి తిరుగుతావు’ అని నోటికొచ్చినట్టు అనేస్తాం. పండగ వస్తుంది, వెళ్తుంది. మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ నాజీ శిబిరంలో తన తోటి ఖైదీ గురించి చెప్పాడు. 1945 మార్చి 30న విముక్తి అని ఆ ఖైదీకి కల వచ్చిందట. తేదీ దగ్గరపడుతున్నా విడుదల జాడ లేదు. 29న జ్వరం, 30న స్పృహ పోయింది, 31న చనిపోయాడు. ఫ్రాంకెల్ దాన్ని ఆశ కూలడంతో ముడిపెట్టాడు. చంపింది టైఫస్ అనే జ్వరం అని కూడా ఆయనే చెప్పాడు. రెండో వాక్యం మనవాళ్లెవరూ చెప్పరు. చెప్పకపోతే ఏమవుతుందంటే, ఆశ వదులుకున్నాడు కాబట్టి పోయాడు అనే నింద మిగులుతుంది. ఆ నింద గోరుచుట్టు మీద రోకటిపోటు. తల, మెడ కాన్సర్లున్న 1,093 మందిని పరిశీలించి జేమ్స్ కోయిన్ బృందం 2007లో చెప్పింది ఏమిటంటే, మనసు ఉల్లాసంగా ఉండటానికీ, ఎక్కువకాలం బతకడానికీ సంబంధం కనిపించలేదని. ఆశ ఉంటే ఈ రోజు బాగా గడుస్తుంది. అది చాలదా? దాని నెత్తిన కణితి కరిగించే పని కూడా ఎందుకు పెడతారు?

నయం కాదని వైద్యులు చెప్పాక ‘ఇక ఆశ లేదు’ అంటాం. ఆధునిక హాస్పిస్ వైద్యానికి, అంటే నయం కాని జబ్బున్నవాళ్లను చివరిదాకా చూసుకునే వైద్యానికి, పునాది వేసిన సిసిలీ సాండర్స్ ‘సంపూర్ణ నొప్పి’ అనే మాట తెచ్చింది. ఒంటి నొప్పి, మనసు నొప్పి, కుటుంబం గురించిన దిగులు, బతుకుకు అర్థం గురించిన వెత, నాలుగూ కలిసే బాధిస్తాయి. 1967లో లండన్‌లో ఆమె సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది ఈ నాలుగింటినీ చూడటానికే. నయం కావడం అనే చోటు మూసుకుపోయాక కూడా చేరాల్సిన చోట్లుంటాయి: ఆయాసం లేకుండా పడుకోవడం, తమ్ముడితో మాట కలపడం, కాగితాలు సర్దడం. రోగి చెప్పేదాకా ఆగండి, మీరు చోటు ఎంచకండి.

ఒక హెచ్చరిక. రెండు వారాలకు మించి రోజంతా దిగులు, నిద్ర లేకపోవడం, ‘నేను పోతేనే మేలు’ అనే మాట, వీటిలో ఏది కనిపించినా పుస్తకాలూ ప్రార్థనలూ పక్కనపెట్టి వైద్యుడికి చెప్పండి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం వద్దు. అవునంటే ఒంటరిగా వదలకండి.

మళ్లీ చీటీ. అయిపోవచ్చింది.

పలకరింపుకు వెళ్లినప్పుడు ఇరవై నిమిషాలు చాలు. నిలబడి మాట్లాడకండి, కుర్చీ లాక్కుని వాళ్ల కళ్ల ఎత్తున కూర్చోండి. మొదటి మాట, ‘ఈ రోజు ఎలా ఉంది?’ మొత్తం ఎలా ఉందని అడగకండి, ఈ రోజు. తర్వాత ఊరుకోండి. ఇంకొకరికి ఇదే జబ్బొచ్చి ఏమైందో చెప్పకండి. లేచేటప్పుడు ‘ఏం కావాలన్నా అడగండి’ అనకండి. అడగడం కూడా ఒక పనే, వాళ్లకు ఆ ఓపిక లేదు. ‘గురువారం నాలుగు నుంచి ఆరుదాకా నేను కూర్చుంటాను, మీరు పడుకోండి’ అని ఇంట్లో చాకిరీ చేసేవాళ్లతో చెప్పండి.

మీ కుర్చీల మీద తెల్ల కాగితం ఒకటి పెట్టించాను. నా మాటలు రాసుకోవడానికి అనుకుని కొందరు నింపేసినట్టున్నారు. వెనక్కి తిప్పండి. ఒక పేరు, ఒక రోజు, ఒక సమయం రాసుకోండి. మీ దగ్గరే ఉంచుకోండి, నాకివ్వక్కర్లేదు. పెన్ను లేనివాళ్లకు చివరి వరుసలో ఇస్తున్నారు.