జున్నుపాల పొడి రివ్యూ: నా గొడవంతా ఈ చెంచాతోనే

నమస్కారమండీ, వైజాగ్ నుంచి. ముందే చెప్పేస్తున్నా, ఈ కొలోస్ట్రమ్ డబ్బా కంపెనీవాళ్ళు ఊరికే పంపారు. పేగు పొరకి మంచిదంటూ పరీక్షల ఫలితాలు చూపించి దీన్ని అమ్ముతున్నారు.

ఇదిగో చెంచా. కెమెరా దగ్గరికి తెస్తా, చూడండి. నిండా తీస్తే ఒక్క గ్రాము. డబ్బాలో 60 గ్రాములు, రెండు నెలలొస్తుందట! పరిగెత్తేవాళ్ళ పేగు పొర మీద చేసిన కొన్ని పరీక్షల్లో ఇచ్చింది రోజుకి 20 గ్రాములండీ. ఆ లెక్కన ఈ డబ్బా మూడు రోజులకే ఖాళీ. ఫలితం 20 గ్రాములది చూపించి, చెంచా ఒక గ్రాముది ఇస్తే ఎలా?

కొలోస్ట్రమ్ అంటే మన జున్నుపాలే. దూడకి తల్లి కడుపులో యాంటీబాడీలు, అంటే రోగాలతో పోరాడే ప్రోటీన్లు, అందవు. అందుకే పుట్టిన మొదటి రోజు దాని పేగు వాటిని అలాగే రక్తంలోకి పోనిస్తుంది, ఆ తర్వాత దారి మూసుకుంటుంది. మనకేమో అమ్మ కడుపులోనే మావి గుండా అందేస్తాయి. పెద్దవాళ్ళు ఈ పొడి తాగితే పెప్సిన్, ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైములు ఆ యాంటీబాడీల్ని చాలావరకు ముక్కలు చేస్తాయి. మిగిలింది పేగులోనే ఏదైనా చెయ్యాలి, ఒళ్ళంతా తిరగదు. విరేచనాలు తెప్పించే ఈ-కోలై బాక్టీరియాకి టీకాలేసిన ఆవుల జున్నుపాలతో చేసిన రకం ప్రయాణాల్లో పట్టుకునే విరేచనాల మీద కొన్ని పరీక్షల్లో పనిచేసింది. ఇది ఆ రకం కాదు.

మరి జున్ను తింటే సరిపోదా అంటారా? ఆవిరి మీద జున్ను గట్టిపడేదే ఆ ప్రోటీన్లు వేడికి విరిగి ముద్దకట్టడం వల్ల. బెల్లం, మిరియాలతో రుచికి తిరుగులేదు, యాంటీబాడీలకి మాత్రం నీళ్ళొదులుకోవడమే. పొడి కూడా అంతే, వేడి కాఫీలో వెయ్యకండి. ముందు రెండు చెంచాల చల్లనీళ్ళతో పేస్టులా కలిపి, తర్వాత గ్లాసు నింపండి. నేరుగా గ్లాసులో పోస్తే పైన ఉండలు తేలతాయి. మన సముద్రపు గాలికి మూత తీసి ఉంచితే డబ్బాలోనే గడ్డకడుతుంది, లోపలి సిలికా పొట్లం పారెయ్యకండి.

పాల ఎలర్జీ ఉంటే ముట్టుకోవద్దు. పోటీలకెళ్ళే ఆటగాళ్ళూ జాగ్రత్త. ఇందులో ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోన్ ఉంటుంది, డోపింగ్ పరీక్ష మీద ప్రభావం పడొచ్చని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) వద్దంటోంది.

జున్నుపాలలో ముఖ్యమైన యాంటీబాడీ ఐజీజీ, దాని శాతం ఎంతో కూడా డబ్బా మీద లేదు. ఊరికే వచ్చింది కాబట్టి సరిపోయింది, డబ్బులు పెట్టి నేను కొనను. చెంచా మాత్రం బాగుంది, ఇంగువ డబ్బాలోకి సరిగ్గా పడుతుంది.