మా వీధిలో ఏ ఇంట్లో ఎంతమంది?

హాయ్ అండి! ఈరోజు మాకు చెత్త బండి వచ్చే రోజు. డబ్బాలన్నీ రోడ్డు పక్కకి వచ్చేశాయి. నేనూ అత్తయ్యా వాకింగ్‌కి బయల్దేరాం, మీరూ రండి.

అమెరికా సబర్బ్ అంటే ఇలాగే ఉంటుంది, ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు. పేరు కూడా ఒకటే, సింగిల్ ఫ్యామిలీ హోమ్. లోపలున్న మనుషుల సంగతి మాత్రం ఇంటికో రకం.

ఆ మూల ఇంటికి నాలుగు బెడ్‌రూమ్‌లు. ఉండేది ఒక పెద్దావిడ. డబ్బాని ఒంటిచేత్తో లాక్కొస్తున్నారు చూడండి, లోపల ఏమీ లేనట్టు గలగలమంటోంది.

"ఇంత ఇంట్లో ఒక్కతేనా?" అత్తయ్య ఇది అడగడం ఎన్నోసారో నాకే గుర్తులేదు. ఒక్కతే. ఇక్కడ అదేమంత వింత కాదండీ. 1940లో ఒక్కరే ఉండే ఇళ్లు 7.7 శాతం, 2020 సెన్సస్ నాటికి 27.6 శాతం. సెన్సస్ వాళ్ల భాషలో ఆవిడది హౌస్‌హోల్డే కానీ ఫ్యామిలీ కాదు. ఫ్యామిలీ అనిపించుకోవాలంటే పుట్టుకతోనో, పెళ్లితోనో, దత్తతతోనో బంధువులైనవాళ్లు కనీసం ఇద్దరు ఒకే ఇంట్లో ఉండాలి. ఎదురింట్లో అద్దెకుంటున్న మన కుర్రాళ్లు ముగ్గురూ అంతే. వంటిల్లు ఒకటే, కరెంటు బిల్లు ఒకటే, అయినా నాన్ ఫ్యామిలీ. బ్యాచిలర్స్ గోల ఎక్కడికొచ్చినా తప్పదన్నమాట!

ఈ నీలం గేటు ఇంటి ముందు రెండు చిన్న సైకిళ్లు పడున్నాయి. అంటే ఈ వారం పిల్లలు నాన్న దగ్గరున్నట్టు. వచ్చే వారం సైకిళ్లు ఉండవు, అమ్మ దగ్గరికి వెళ్లిపోతారు. ఇలా సగం సగం ఉండే పిల్లల్ని సెన్సస్ ఏడాది ఏప్రిల్ 1న ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి లెక్కలో వేస్తారు. ఈ రూల్ తెలిశాక, ఆ సైకిళ్లు చూసినప్పుడల్లా మనసు అదోలా అయిపోతోంది.

"మరి మన ఇంట్లో ఎంతమందిమమ్మా?" అన్నారు అత్తయ్య.

మావాడు కాలేజీ డార్మ్‌లో ఉంటున్నాడు, వాడి లెక్క అక్కడే. ఇక అత్తయ్య వచ్చింది విజిటర్ వీసా మీద. చూసి వెళ్లడానికి వచ్చినవాళ్లని ఇక్కడ లెక్కపెట్టరు. ఇక్కడే స్థిరపడితే ఫారంలో పేరెంట్ ఇన్ లా అని ఆవిడకో గడి కూడా ఉంది. చెబుతుంటే నాకే మొహమాటంగా అనిపించింది.

"అయితే మీరిద్దరే!"

"అంతే అత్తయ్యా."

ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. ఇంటి దగ్గరికొచ్చేసరికి మా డబ్బా మూత పడట్లేదు. నిన్న అత్తయ్య స్టోర్ రూమంతా సర్దారు లెండి, ఆ అట్టపెట్టెలన్నీ అందులోనే. అరచేత్తో గట్టిగా అదిమి, మూత పడిందో లేదో ఇంకోసారి చూసుకుని, నాకన్నా ముందే లోపలికి వెళ్లిపోయారు.